చల్లకుండతో వచ్చి శాస్త్రం చెప్పిన గొల్లభామ

గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి పోయే దారిలో కూచిపూడి తగులుతుంది. ఆ ఊరి పేరు చెప్పగానే అందరికీ సత్యభామ జడ గుర్తొస్తుంది. నాకు మాత్రం నెత్తిన చల్లకుండ పెట్టుకొచ్చే గొల్లభామ గుర్తొస్తుంది. సత్యభామ ఆట భామాకలాపం ఊరి పేరును సముద్రాలు దాటించింది. గొల్లభామ ఆట గొల్లకలాపం మాత్రం రానురాను తెరమరుగైపోయింది.

దానిలో కథంటూ పెద్దగా లేదు. చల్ల అమ్ముకునే గొల్లభామకు ఒక బ్రాహ్మణుడు ఎదురవుతాడు. నేనెక్కువంటే నేనెక్కువని మాటామాటా పెరుగుతుంది. ఆయన కులం చెప్పుకుంటే ఆమె పుట్టుక సంగతి అడుగుతుంది. అక్కడ మొదలవుతుంది పిండోత్పత్తి ఘట్టం. తల్లి కడుపులో పిండం ఎలా పడుతుంది, నెలనెలా ఎలా ఎదుగుతుంది, లోపల జీవుడు పడే యాతన ఏమిటి, అన్నీ ఆ చల్లమ్మే మనిషే విడమరిచి చెబుతుంది. ఆ తర్వాత యజ్ఞమంటే ఏమిటో కూడా ఆమే చెబుతుంది. చదువుకున్నాయన అడుగుతూ అడుగుతూ శిష్యుడైపోతాడు.

ఇందులో నన్ను కట్టిపడేసేది నవ్వు ఎవరి మీదన్నది. బ్రాహ్మణ వేషగాడే హాస్యగాడు. సంస్కృత నాటకాల్లో రాజులూ పండితులూ సంస్కృతం మాట్లాడితే ఆడవాళ్లకు ప్రాకృతమే దక్కేది. ఇక్కడ అది తలకిందులైంది. దరువులు, పద్యాలు, శాస్త్రం ఆమెవి. వాడుక మాటల చమత్కారం ఆయనది. పురిటిగదిలో ఆడవాళ్లకు తెలిసిన సంగతినే ఆమె అందరి ముందూ శాస్త్రంగా నిలబెట్టింది. కులం గురించి ఇంతకన్నా పదునైన ప్రశ్న మన వీధినాటకాల్లో ఇంకొకటి కనబడదు నాకు.

కూచిపూడి వాళ్లు ఆడే పాఠం 19వ శతాబ్దంలో భాగవతుల రామయ్య కట్టింది. అయితే ఆ పేరుకు అంతకన్నా పాత కథ ఉంది. రాయలసీమలో తరిగొండ వెంగమాంబ రాసిన గోపికా నాటకమనే యక్షగానానికి గొల్లకలాపమన్న పేరు కూడా ఉంది. చిన్నతనంలోనే భర్త పోతే, గుండు చేయించుకోనని ఊరినే ఎదిరించిన మనిషి ఆమె. 1817లో కన్నుమూసింది. గొల్లకలాపమన్న పేరుతో అంత ముందే కలం పట్టింది ఒక స్త్రీ అన్న సంగతి మనం తరచుగా తలుచుకోవాలి.

ఆట విషయానికొస్తే, కూచిపూడిలో ఒకప్పుడు ఆడవేషం మగవాళ్లదే. అగ్రహారంలో పుట్టిన బ్రాహ్మణుడు చీర కట్టి, తన కులపు గొప్పను తన వాళ్ల ముందే ప్రశ్నించేవాడు. అది చిన్న ధైర్యం కాదు. అయినా ఆ గొంతు మగవాడిదే. అదే గొల్లకలాపాన్ని గోదావరి డెల్టాలో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కళావంతులు ఆడేవారు. అక్కడ గొల్లభామ నిజంగా ఆడదే. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చాక ఆ మేళాలు చెదిరిపోయాయి. దురాచారం పోవలసిందే, దానితోపాటు వాళ్ల విద్య కూడా పోవడమే నా బాధ. ముమ్మిడివరం అన్నాబత్తుల బులివెంకటరత్నం వంటి వాళ్లు దాన్ని కంఠంలో దాచుకున్నారు. కూచిపూడి వైపు వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక కథ మారింది. ఇవాళ ఆ నాట్యం చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

మరి గొల్లభామ ఎందుకు వెనకబడింది? గొల్లకలాపం మూడు రాత్రుల ఆటని చెబుతారు. ఆట వీధిలోంచి రెండు గంటల సభావేదిక మీదికి వచ్చాక సత్యభామ ప్రవేశ దరువును విడిగా తీసి ఆడొచ్చు, చప్పట్లు పడతాయి. వాదాన్ని అలా తుంచడం కుదరదు. అడిగేవాడు లేకపోతే ఆమె జవాబుకు బలముండదు. పైగా ఆ బ్రాహ్మణుడి మాటల్లో చాలా భాగం ఆ పూట, ఆ ఊరు చూసి అక్కడికక్కడ కల్పించేవే. ప్రతిలో దొరకవు.

కూచిపూడి దగ్గరి మొవ్వలోనో చల్లపల్లిలోనో, సభలో కాదు, నడివీధిలో, పిండోత్పత్తి ఘట్టం మొత్తాన్ని ఒక స్త్రీ నోట వినాలని ఉంది నాకు. ఎదుట బ్రాహ్మణ వేషం కూడా ఇంకో స్త్రీయే కడితే మరీ సంతోషం.