జుమేరా బీచ్ రోడ్డు, మన బియ్యం మూట

చాలా రోజులైంది రాయక. డ్యూటీల వల్ల తీరలేదు.

పోయిన ఆదివారం మా రూమోళ్ళం ఆరుగురం కలిసి జుమేరా పోయినం. మేముండేది సత్వాలో, బెడ్ స్పేస్. అక్కడి నుంచి జుమేరా మసీదు దాకా నడిస్తే పావుగంట. అంత దగ్గరున్నా మేమెవ్వరం ఆ రోడ్డు మీద కూసొని తిన్నోళ్ళం కాదు. పోవడానికి కారణం మా రూంలో పెద్దమనిషి. మేమంతా మామ అంటం. జగిత్యాల దిక్కాయన, టైల్స్ మేస్త్రి. పద్దెనిమిదేళ్ళ దుబాయ్ ముగించుకొని, వీసా క్యాన్సిల్ చేసుకొని ఈ నెలాఖరుకు ఇంటికి పోతున్నడు. ఆ రోడ్డు మీద ఎన్నో విల్లాలల్ల, కాఫీ షాపులల్ల, ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో బండలు పరిచింది ఆయనే. "మామా, పోయేముందు ఒక్కసారి అక్కడ తిందాం, ఖర్చు మాది" అంటే, "వద్దురా, అది మనది కాదు, తెల్లోళ్ళ జాగ" అన్నడు.

ఈ మాట మనలో చాలామంది అంటం. నిజంగా అది ఎవరి జాగ? అక్కడ మొదట ఎవరు తిన్నరు, ఏం తిన్నరు, సరుకులు ఎక్కడి నుంచి వచ్చినయ్? కొన్నాళ్ళుగా చదివింది, మ్యూజియంల చూసింది కలిపి రాస్తున్నం. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

జుమేరా అంటే ఇప్పుడు విల్లాలు, బీచ్, కుక్కను పట్టుకొని పొద్దున పరుగెత్తే మేడమ్‌లు. డెబ్బై ఏండ్ల కింద అది దుబాయ్ ఊరికి బయట ఉన్న ఒక బెస్త పల్లె. ఇండ్లు ఖర్జూర మట్టలతో అల్లినవి, బరస్తీ అంటరు. మన దిక్కు తాటికమ్మల గుడిసె లెక్కనే. 1955లో షేక్ రషీద్ ఎండకాలం చల్లగాలికి కూసునేటందుకు అక్కడ ఒక మజ్లిస్ కట్టించుకున్నడు. పగడపు రాయి, జిప్సంతో కట్టింది. ఇప్పటికీ ఉంది, పోయి చూడొచ్చు. పాలకుడి విడిది ఎంత చిన్నగా ఉందో చూస్తే అప్పటి ఊరు ఎట్లుండెనో తెలుస్తది.

ఆ ఒడ్డున మగవాళ్ళ పని రెండే. చేపలు, ముత్యాలు. ముత్యాల సంగతి మనం కొంచెం ఆగి చూడాలె. ఎందుకంటే అందులో మన కథ కనపడ్తది.

ఎండకాలం రాగానే పడవలు కదిలేవి. దాదాపు నాలుగు నెలలు సముద్రంలోనే. మునిగేటోడు ముక్కుకు క్లిప్ పెట్టుకొని, కాలికి రాయి కట్టుకొని దిగేవాడు. పైన ఇంకొకడు తాడు పట్టుకొని లాగేవాడు. పగటిపూట తినేది ఏమంత ఉండదు, కడుపు నిండితే మునగలేడు కదా. పొద్దున నాలుగు ఖర్జూరాలు, కాఫీ. మళ్ళా పొద్దుగూకినంకనే అన్నం, చేప. పడవ కెప్టెన్‌ను నఖుదా అంటరు. పోయేముందు ఇంట్లో బియ్యానికి, బట్టకు నఖుదా అడ్వాన్సు ఇచ్చేవాడు. నఖుదా కూడా ఒక వ్యాపారి దగ్గర అప్పు తెచ్చినోడే. సీజన్ అయిపోయినంక లెక్క చూస్తే మునిగినోడికి మిగిలేది అప్పే. వచ్చే ఏడు మళ్ళా అదే పడవ ఎక్కాలె. అప్పు తీరకుండ చచ్చిపోతే అది కొడుకు మీద పడేది. ఆ పడవల మీద ఆఫ్రికా దిక్కు నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులు కూడా ఉండేవారు.

ఇది చదువుతుంటే మా రూంలో కొద్దిసేపు ఎవ్వరూ మాట్లాడలేదు. ఏజెంటుకు కట్టనీకి నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి వచ్చినోళ్ళం మేమంతా. మామ అప్పు తీరేసరికి అయిదేళ్ళు పట్టింది. అడ్వాన్సు, సీజను, మళ్ళా అడ్వాన్సు. పడవ పోయి విమానం వచ్చింది, అంతే కదా అనిపించింది. అయితే ఒక తేడా ఉంది. మన దగ్గర అప్పు మన ఊరి షావుకారుది, వాళ్ళ దగ్గర పని ఇచ్చేటోడే అప్పిచ్చేటోడు. ఏది నయమో మీరే చెప్పండి.

ఇగ ఆ నాలుగు మెతుకుల అన్నం సంగతి. ఈ ఇసుకలో వరి పండదు. బియ్యం మన దేశం నుంచి పడవల మీద వచ్చేది. బియ్యం ఒక్కటే కాదు, బట్ట, పడవ చేసే టేకు కర్ర, మసాలా అన్నీ. తిరిగిపోయేటప్పుడు ముత్యాలు బొంబాయికి. మార్కెట్‌లో చెల్లే పైస కూడా మన రూపాయే. ఈ రూపాయలతో బంగారం దొంగతనంగా ఇండియాకు పోతుందని మన రిజర్వు బ్యాంకు 1959లో గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చేసింది. 1966 జూన్‌లో ఢిల్లీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించేసరికి ఇక్కడి షేకులకు చేతిలో ఉన్న డబ్బు ఒక్క రోజులో కరిగిపోయింది. దాంతో రూపాయిని విడిచిపెట్టిన్రు. దుబాయ్‌కి ఖతర్‌తో కలిపి ఒక రియాల్ వచ్చింది. 1971లో యూఏఈ ఏర్పడ్డది, 1973లో దిర్హం. అంటే మనం ఈరోజు రేటు ఎంత అని పొద్దున లేవంగనే ఫోన్ చూస్తున్నం కదా, ఒకప్పుడు ఈ ఒడ్డు మీది బెస్తాయన మన రూపాయి గురించి అట్ల చూసుకునేవాడు.

ముత్యాల యాపారం 1930ల్లో కుప్పకూలింది. జపానోళ్ళు చెరువులో చేపలు పెంచినట్టు ముత్యాలు పెంచుడు నేర్చిన్రు, పైనుంచి ప్రపంచమంతా మాంద్యం. ఒడ్డు ఊర్లు ఆకలితో పోరాడినయ్.

తెల్లోళ్ళు ఎప్పుడొచ్చిన్రు మరి? 1966లో దుబాయ్ సముద్రంలో చమురు దొరికింది, 1969 నుంచి ఓడలకెక్కింది. ఒడ్డు నుంచి దూరంగా తీసిన చమురును సముద్రంలోనే నిల్వ పెట్టేందుకు అమెరికాకు చెందిన చికాగో బ్రిడ్జ్ అండ్ ఐరన్ కంపెనీ జుమేరా చివరన, ఇసుక మీద, బోర్లించిన గ్లాసు లెక్క పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులు తయారు చేసింది. ఒక్కోదాంట్లో అయిదు లక్షల బ్యారెళ్ళు పడ్తది. మొత్తం మూడు. అందుకే ఆ జాగకు చికాగో బీచ్ అని పేరు పడ్డది. తర్వాత అదే పేరుతో హోటల్ లేసింది, 1990ల్లో దాన్ని కూల్చిన్రు. 1999 డిసెంబర్‌లో ఆ ఒడ్డునే, సముద్రంలో దీవి పోసి కట్టిన బుర్జ్ అల్ అరబ్ తెరుచుకుంది. మనోళ్ళు సెల్ఫీ దిగే జాగ ఉంది చూడు, అది ఒకప్పుడు వెల్డింగ్ యార్డు. తెల్లోళ్ళ బీచ్ అని మనం అనుకునేది పుట్టింది నిప్పురవ్వల నడుమ.

ఇంజనీర్లు, బ్యాంకోళ్ళు వచ్చిన్రు, పెండ్లాం పిల్లలతో వచ్చిన్రు. వాళ్ళకు బరస్తీ పల్లె పక్కన విల్లాలు లేసినయ్. వాళ్ళ పిల్లలకు 1975లో జుమేరాలో ఇంగ్లీష్ బడి పెట్టిన్రు. బడి వచ్చిందంటే కిరాణం వెంట వస్తది. స్పిన్నీస్ అనే దుకాణం 1924లో ఒక బ్రిటిష్ సైన్యం మనిషి మొదలు పెట్టింది. బ్రిటిషోళ్ళు ఎక్కడుంటే అక్కడ వాళ్ళ వెన్న, చీజ్, టిన్ను డబ్బాలు అందించుడు దాని పని. 1960ల మొదట్లో దుబాయ్ చేరింది. చోయిత్రమ్స్ కథ ఇంకా ఇంట్రస్టింగ్. సింధీ ఆయన, ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌ల 1944లో దుకాణం పెట్టి, 1974లో దుబాయ్ వచ్చిండు. అంటే తెల్లోళ్ళకు తెల్లోళ్ళ సరుకులు అమ్మినోడు కూడా మన దేశపు వలసోడే.

బయట తినుడు సంగతికొస్తే, ఇక్కడ మందు పోసే లైసెన్సు ఎక్కువగా హోటళ్ళకు, క్లబ్బులకే. అందుకే వాళ్ళ విందులు హోటళ్ళ లోపల పెరిగినయ్. శుక్రవారం మధ్యాహ్నం మొదలైతే సాయంత్రం దాకా నడిచే బ్రంచ్ వాళ్ళ అలవాటు అయింది. అదే శుక్రవారం మనం ఏం చేస్తమో మీకు తెలుసు. బట్టలు పిండుడు, ఇంటికి ఫోన్, రూంల బగారన్నం, కోడికూర, పన్నెండు మందికి ఒకటే గిన్నె. 2022 నుంచి సెలవు శనాదివారాలకు మారింది. మా కంపెనీకి ఆదివారం ఒక్కటే. బగారన్నం మాత్రం మారలేదు.

ఈ రెండింటి నడుమ ఉన్నది మా సత్వా. జుమేరా విల్లాల వెనక గల్లీ అనుకోండి. అక్కడి మేడమ్ పరదాలు కుట్టే దర్జీ, కారు బాగుచేసే మెకానిక్, ఇంట్లో వంట చేసే మన కోనసీమ, రాయచోటి అక్కలు సెలవునాడు వచ్చే బకాలా, అంతా ఇక్కడే. 1978లో మొదలైన పాకిస్తానీ రవి రెస్టారెంట్ ఇక్కడిదే. అందులో టాక్సీ డ్రైవరు, తెల్ల మేనేజరు పక్కపక్క కుర్చీలల్ల దాల్ తింటరు. ఇట్లాంటిది జుమేరా రోడ్డు మీద మేం చూడలే. 2008లో పెద్ద ప్రాజెక్టు పేరుతో సత్వాలో చానా ఇండ్లు ఖాళీ చేయించి కూలగొట్టిన్రు. అంతలోనే ప్రపంచమంతా పైసల సంక్షోభం వచ్చి ప్రాజెక్టు ఆగింది. కూలిన ఇండ్ల జాగ చానా ఏండ్లు ఉత్తగ పడి ఉండె.

ఇంకొక్క ముచ్చట. జుమేరా విల్లాల నడుమ కంచె వేసిన ఒక పాత దిబ్బ ఉంది. 1969లో బయటపడ్డది. వెయ్యేళ్ళ కిందటి ఊరు. ఇరాక్ నుంచి ఒమన్ దిక్కు పోయే ఒంటెల బిడారులు ఆగే జాగ. అందులో మసీదు, బాటసారులు పండుకునే సత్రం, వరుసగా దుకాణాలు దొరికినయ్. ఆ ఒడ్డున మొదటి కిరాణం ఎవరిదో తెలియదు గానీ గిరాకీ మాత్రం దారిన పోయేటోళ్ళది, వేరే దేశమోళ్ళది.

ఇదంతా మామకు దారి పొడుగునా చెప్పుకుంట పోయినం. ఆయన ఊ కొట్టిండు, అంతే.

తిన్నది ఒక కాఫీ షాపులో. పేరెందుకు. మెనూ చూసి అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. నీళ్ళ సీసా ధరలో రూంల ఒక పూట సాంబారు వస్తది. చేప వేపుడు, ఆలుగడ్డ ముక్కలు రెండు ప్లేట్లు తెప్పించి ఆరుగురం పంచుకున్నం. పక్క టేబుల్ ఖాళీ అయినా మమ్మల్ని లోపల మూలకు కూసోబెట్టిండు. అది మా చెప్పుల వల్లనో, ఖాళీ లేకనో, మేం అడగలే. వడ్డించిన పిల్లగాడు నేపాలీ. బిల్లు తెచ్చినప్పుడు చెవిలో చెప్పిండు, "అన్నా, కాఫీ నా లెక్క". బిల్లుల కాఫీ లేదు.

తర్వాత సూపర్ మార్కెట్‌కు పోయినం, మామ బండలు పరిచిందానికే. ముస్లింలు కానోళ్ళకని వేరే గది, అందులో పంది మాంసం. ఒక అరలో గాజు సీసాలో పచ్చటి పొడి, మునగాకుదని బొమ్మ ఉంది. ధర చూసి మామ నవ్విండు. "మా దొడ్లె గొర్లు మేస్తయి గదరా ఇది". బియ్యం అర దగ్గర బాస్మతి మూట తిప్పి చూసిన్రు మావోళ్ళు. మన దేశందే. గా సంగతి అయితే మామకు చూపించినం.

చేపల కౌంటరు దగ్గర మామ ఆగిండు. కిందికి వంగి రెండు బండల నడుమ వేలుతో రాసిండు. "ఇది రాత్రి డ్యూటీలో వేసింది. దుకాణం తెరిసే లోపల అయిపోవాలె అని ఫోర్‌మన్ మీద పడ్తుండె. చూడు, జాయింటు ఇంకా కదల్లే". పక్కన సెక్యూరిటీ ఆయన వచ్చి ఏమైంది భాయ్ అంటే, "ఏం లేదు, నేను వేసిందే" అన్నడు తెలుగుల. ఆయనకు అర్థం కాలే, అయినా తల ఊపిండు.

ఇంటికి చాక్లెట్లు ఎప్పుడూ మీనా బజార్‌లో కిలోల లెక్క కొనేటాయన, ఈసారి అక్కడే ఒక ఖర్జూరాల డబ్బా కొన్నడు, మనవరాలికని. సంచి మీద దుకాణం పేరు ఇంగ్లీషుల ఉంది. రూంకు వచ్చినంక ఆ సంచి మడత పెట్టి సూట్‌కేసులో బట్టల కింద పెట్టిండు.