ఎంజైముల పుట్టుపూర్వోత్తరములు

మొలకెత్తిన యవలనుండి తీసిన సారము పిండిపదార్థమును చక్కెరగా మార్చుచున్నదని గ్రహించి, పాయెన్, పెర్సోజ్ అను ఫ్రెంచి రసాయనవేత్తలు 1833లో ఆ సారమునుండి వేఱుచేసిన పదార్థమునకు డయాస్టేజ్ అని పేరిడిరి. మూడేండ్లకు జర్మనీలో ష్వాన్ జఠరరసమునందు మాంసమును జీర్ణింపజేయు పెప్సిన్‌ను కనుగొనెను. ఈ రెండును దేహమునకు వెలుపల, గాజుపాత్రలోను తమ పని నెఱవేర్చినవి గనుక వీనిని గూర్చి పెద్ద వివాదము లేదు. వివాదమెల్ల చక్కెర పులిసి మద్యమగుటను గూర్చియే.

జీవించియున్న ఈస్టు కణములు లేనిదే ఆ పులియుట లేదని లూయీ పాస్టర్ మహాశయుడు పరీక్షలపై పరీక్షలు జరిపి సిద్ధాంతీకరించెను. ఆయన కన్నది సత్యమే. కాని ప్రాణమే ఆ క్రియకు కారణమన్న నిర్ణయము, కణములలోపల ఏమున్నదో వెదకవలెనన్న జిజ్ఞాసను చిరకాలము మందగింపజేసినదని నా అభిప్రాయము.

చిక్కు వీడుట యాదృచ్ఛికముగా జరిగెను. జర్మను రసాయనవేత్త ఎడ్వర్డ్ బుక్నర్ తన యన్న హాన్స్‌తో కూడి వైద్యోపయోగమునకై ఈస్టు రసమును సిద్ధపఱుపనెంచి, ఈస్టును ఇసుకతోను డయాటముల మట్టితోను నూఱి, కణములు చితికిన ఆ ముద్దను గుడ్డలో చుట్టి యంత్రమున ఒత్తి పిండించి, వచ్చిన రసము చెడకుండుటకై దానియందు విస్తారముగా చక్కెర కలిపించెను. నిలువయుండవలసిన రసము బుడగలు గ్రక్కజొచ్చెను! సజీవకణము లేని ద్రవములో చక్కెర మద్యముగాను బొగ్గుపులుసు వాయువుగాను విడిపోవుచుండెను. 1897లో ప్రకటితమైన ఈ సంగతియే జీవరసాయనశాస్త్రమునకు నిజమైన జన్మమని నేను దృఢముగా నమ్ముదును. 1907లో బుక్నర్‌ను నోబెల్ బహుమానము వరించెను.

డయాస్టేజ్, పెప్సిన్‌లవలెనే ఈ రసమున పనిచేసినదియు ఎంజైమే. ఎంజైము తాను వ్యయము గాక, రసాయనక్రియ దాటవలసిన శక్తి యవరోధమును తగ్గించి దానిని త్వరితపఱచును. మన రక్తకణములలోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అణువొక్కటి క్షణమునకు సుమారు 10 లక్షల బొగ్గుపులుసు వాయు అణువులను మార్చగలదు. ఇంతటి వేగముండియు ప్రతి ఎంజైమును తనకు తగిన పదార్థమునే ఏల ఎన్నుకొనుచున్నదన్న ప్రశ్నకు, తాళమునకు చెవి అమరినట్లు వాని ఆకృతులు పరస్పరము అమరుటయే కారణమని ఎమిల్ ఫిషర్ 1894లోనే ఊహించియుండెను.

అయినను ఎంజైము అనునది ఏ పదార్థమో తెలియలేదు. బాల్యావస్థ దాటీదాటకమున్నే వేటలో ఎడమచేయి కోల్పోయి, రసాయనశాస్త్రము నీకు తగదన్న హితవును పెడచెవిని బెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్, తమ్మకాయ జాతి గింజలనుండి యూరియేజ్ అను ఎంజైమును 1926లో స్ఫటికములుగా తీసి, అది ప్రొటీనని నిరూపించెను. జర్మను రసాయనవేత్తలలో మహాపండితుడైన విల్‌స్టాటర్ అంగీకరింపలేదు. 1930లో అమెరికా శాస్త్రజ్ఞుడే యగు నార్త్రప్ పెప్సిన్‌ను సైతము స్ఫటికీకరించిన పిదపగాని ఆ నిరాకరణము సడలలేదు.

ఇక ఫిషర్ ఊహించిన ఆకృతుల అమరిక మాట. 1965లో లండనులో డేవిడ్ ఫిలిప్స్ బృందము, కోడిగ్రుడ్డు తెల్లసొననుండి తీసిన లైసోజైము అను ఎంజైము నిర్మాణమును ఎక్సు కిరణములచే వెల్లడించగా, బాక్టీరియా గోడలోని చక్కెర గొలుసు ఇముడు చీలిక ఆ అణువునందు స్పష్టముగా కానవచ్చెను.