దినమునకొక రూపాయి
నెల్లూరు మెట్టపల్లెల పొదుపు చరిత్ర

కుండలో ఎన్ని కడవల నీరు పోసినను అడుగున చిల్లి ఉన్నచో నీరు నిలువదు. సంసారమును అట్టిదే. ఆదాయమెంత అని అడుగుటకు ముందు, అందులో ఇంట నిలుచుచున్నదెంత, పోవుచున్నది ఏ దారిని పోవుచున్నది అని విచారింపవలెను. నెల్లూరు జిల్లా పశ్చిమభాగపు పల్లెల చరిత్ర ఈ విషయమును చక్కగా బోధించుచున్నది.

జలదంకి, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో మెట్టభూములు విస్తారము. అచ్చటి సేద్యమునకు వానలును, వాననీటితో నిండు చెరువులును ముఖ్యాధారములు. 1876-78 సంవత్సరముల మహాక్షామము మద్రాసు రాజధానిలోని ఇతర జిల్లాలతో పాటు నెల్లూరు జిల్లాను కూడ పీడించెను. వాన నమ్మరాని చోట గింజను కాపాడుకొనుట ప్రాణమును కాపాడుకొనుటయే.

మన గృహిణుల పాత అలవాట్లలో శాస్త్రము ఇమిడియున్నది. ధాన్యమును బాగుగా ఎండబెట్టిన పిదపనే గాదెకు ఎత్తుదురు. గింజలో తేమ తగ్గినచో బూజు పట్టదు, పురుగు త్వరగా పెరుగదు. విత్తనపు పప్పుగింజలకు బూడిద కలుపుదురు. సన్నని బూడిద పురుగు ఒంటిపైనున్న మైనపు పొరను గీచి, దాని ఒంటిలోని తేమ ఆరిపోవునట్లు చేయును. వార్చిన గంజిలో అన్నమునుండి కరగి వచ్చిన బి-విటమినులు కొన్ని ఉండును. అందుచే గంజి త్రాగుట మంచి అలవాటు. బియ్యము కడిగిన నీరు పశువుల కుడితిలో చేరును. చినిగిన చీరలు బొంతలగును. పొయ్యిలోని బూడిద అంట్లు తోముటకు పనికివచ్చి, తుదకు పెంటదిబ్బ చేరి పొలమునకు ఎరువగును. ఈ విధముగా ఇంట ఒక్క వస్తువును వ్యర్థము కాకుండెను.

ఇంత జాగ్రత్తగా కాపురము చేసిన ఇండ్లలో కూడ డబ్బు నిలువకపోవుటకు ఒక పెద్ద చిల్లి కారణమయ్యెను. అది సారాయి. 1980 దశకమున సారాయి ప్యాకెట్లలో పల్లెలకు చేరెను. పగలెల్ల కూలిచేసి తెచ్చిన డబ్బు సాయంకాలమునకే దుకాణము పాలయ్యెడిది. గంజిచుక్క పారబోయని ఇల్లాలికి భర్త కూలి కంటబడకుండెను. ఒక్కరు చేయు పొదుపునకు గల పరిమితి ఇచ్చట స్పష్టమగుచున్నది.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమము సాగుచుండెను. రాత్రి కేంద్రములలో చదువుకొను స్త్రీలకు నిర్ణయించిన పాఠములలో సారాయిపై పోరాడిన స్త్రీ కథ కూడ ఉండెను. జలదంకికి పొరుగున గల కలిగిరి మండలమందలి దూబగుంట గ్రామ స్త్రీలు ఏకమై తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. వారిలో దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతట ప్రసిద్ధి చెందినది. తరువాత దూబగుంట వృత్తాంతమే ఒక పాఠమై, చదివిన ఊరూర అగ్ని రగిల్చెను. 1992లో జిల్లాలో సారాయి వేలముపాటలు పలుమార్లు వాయిదా పడెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను.

చిల్లి పూడినది, ఇక నీరు నిలుపు ఉపాయము కావలెను. మిగిలిన కూలిడబ్బులోనుండి దినమునకొక రూపాయి చొప్పున కూడబెట్టుటకు స్త్రీలు సంఘములుగా ఏర్పడిరి. ఈ కార్యక్రమమే ‘పొదుపులక్ష్మి’.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. ఒక సంఘములో 15 మంది ఉన్నారనుకొందము. నెలకు 30 దినముల చొప్పున ఒక్కొక్కరికి 30 రూపాయలు, సంఘమునకు 450 రూపాయలు చేరును. సంవత్సరమునకు, అనగా 365 దినములకు, 5,475 రూపాయలగును. ఒక సభ్యురాలికి 1,000 రూపాయలు ఆరునెలలకు అప్పు కావలసివచ్చినది. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ చొప్పున బయట తెచ్చినచో 180 రూపాయల వడ్డీ ఇల్లు దాటిపోవును. సంఘమునుండి రెండు రూపాయల వడ్డీకి తీసికొన్నచో 120 రూపాయలే అగును. ఆ 120 రూపాయలును సంఘపు నిధిలోనే నిలుచును. అందులో ఆమెకును భాగము కలదు. రూపాయి చిన్నదే కాని, పదిమంది రూపాయలు ఒకచోట చేరినప్పుడు దాని బలము మారును.

ఇతర దేశములలోను పొదుపు ఇట్లే చిన్న నాణెముతో మొదలయ్యెను. స్కాట్లండులోని రూత్‌వెల్ గ్రామమున 1810లో హెన్రీ డంకన్ అను మతాచార్యుడు ఒక పొదుపు బ్యాంకు స్థాపించెను. నాటి బ్యాంకులు పది పౌనులకు తక్కువైన సొమ్మును తీసికొనకుండెను. డంకను ఆరు పెన్నీలనైనను స్వీకరించెను. మన దేశమున 1882లో తపాలా పొదుపు బ్యాంకులు, 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1992లో నాబార్డు 500 స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయోగము నారంభించెను. నెల్లూరు స్త్రీల రూపాయి ఈ మార్గములోనే బ్యాంకు చేరినది.

ఈ చరిత్రలో ఒక హెచ్చరిక కూడ కలదు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడెను. తరువాతి కాలమున సూక్ష్మ ఋణ సంస్థలు పల్లెలలో ప్రవేశించి సులభముగా అప్పులిచ్చెను. ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసి అనేక కుటుంబములు చిక్కులలో పడెను. 2010లో రాష్ట్రప్రభుత్వము ఈ సంస్థలను అదుపుచేయుటకు ఆర్డినెన్సు తేవలసివచ్చెను. కూడబెట్టిన సొమ్ములోనుండి తీసికొను అప్పునకు సంఘమే కాపలా. కూడబెట్టక తెచ్చిన అప్పునకు కాపలా లేదు. మూసిన చిల్లి ప్రక్కన మరొక చిల్లి ఏర్పడవచ్చును.

ఉపాధ్యాయులు తమ విద్యార్థులచే ఒక నెల ఇంటిఖర్చు వ్రాయించుట మంచిది. బియ్యము, నూనె, వంటచెరకు లేక గ్యాసు, విద్యుత్తు, వడ్డీ, వ్యసనములు — ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి గీయవలెను. నెల తుదిని కూడిక వేసినచో ఆ ఇంటి చిల్లి ఎచ్చట ఉన్నదో పిల్లలకే తెలియును. దానిని మూయుటకు ఇంటివారందరు కలియవలెనని దూబగుంట స్త్రీలు ముందే చూపిరి.