శక్కర్‌నగర్‌లో మా వాటా

నిజాంసాగర్ నీళ్ళు 1931లో వచ్చాయి, చక్కెర కార్ఖానా 1937లో వచ్చింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్ అట్లా పుట్టింది. బజారు దానంతటది పుట్టించలేదు, సర్కారు పూనుకుంది. అది నిజాం పెట్టిందని చెప్పి మమ్మల్ని నవాబుల వారసులంటారు! మాలో ఎక్కువమందికి నవాబుల దేవిడీ గుమ్మం తెలియదు. కూలి తెలుసు, కార్ఖానా సైరన్ తెలుసు.

స్వేచ్ఛా మార్కెట్టు వస్తే అంతా బాగుపడుతుందన్నారు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకిచ్చి, 49 శాతం సర్కారు ఉంచుకుంది. సగానికి ఒక్క శాతం తక్కువ. కాపలాకు అది చాలదా? 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, మంబోజిపల్లి మూడుచోట్లా లేఆఫ్ ప్రకటించారు. ఆ 49 శాతం ప్రజల సొమ్ము. ఆ ప్రజల్లో మేమూ ఉన్నాం. గేటు మూసేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు, చెరకు రైతునూ అడగలేదు.