నవల అట్టకు బొమ్మ వచ్చిన దారి

అచ్చు పుస్తకాలకు చుట్టిన పై కాగితాల్లో ఇప్పటివరకు దొరికిన అతి పాతవాటిలో ఒకటి కానుక పుస్తకానిదే. 1829లో లండన్‌లో వెలువడిన ‘ఫ్రెండ్‌షిప్స్ ఆఫరింగ్’ అనే వార్షిక సంచికను పొట్లంలా చుట్టి, లక్కతో అంటించి అమ్మారు. పుస్తకం తెరవాలంటే ఆ కాగితం చింపాల్సిందే. అందుకే అలాంటివి పెద్దగా మిగల్లేదు. ఇది మాత్రం 2009లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో వెలుగు చూసింది. దుమ్ము పడకుండా కాపాడటానికి పుట్టిన ఆ కాగితం మీదికి బొమ్మ ఎక్కి, అదే పుస్తకాన్ని అమ్మిపెట్టే రోజులు రావడానికి చాలా కాలం పట్టింది.

మన నవల కూడా బొమ్మ లేకుండానే పుట్టింది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’ పత్రికలో మొదలై, 1880లో పుస్తకమైంది. ఆ కాలపు అట్ట మీద పుస్తకం పేరు, రచయిత పేరు, ప్రెస్సు పేరు ఉండేవి. చుట్టూ పూల అంచు ఉంటే అదే అలంకారం. బొమ్మ వేయాలంటే బ్లాకు చేయించాలి. రంగుకో బ్లాకు, ఒక్కో రంగుకు ఒక్కోసారి మిషన్ తిప్పాలి. అంత ఖర్చు నవల మీద పెట్టే ధైర్యం ఎవరికుంది? స్వయంగా చిత్రకారుడైన అడివి బాపిరాజు కాకతీయుల కాలం మీద ‘గోన గన్నారెడ్డి’ రాసిన నాటికి కూడా బొమ్మల అట్ట మామూలు సంగతి కాలేదు.

చాలా ఇళ్లలో నవలకు తొలి ముఖం అట్ట కాదు, సీరియల్ మొదటి పేజీ. వారపత్రికల్లోంచి వారం వారం పేజీలు చింపి దాచి, కథ అయిపోగానే బైండు చేయించుకునేవారు. కాలికో గుడ్డ వేసిన ఆ బైండు మీద ఏమీ ఉండేది కాదు. లోపల మాత్రం వారానికో బొమ్మ, కళాత్మకంగా రాసిన శీర్షిక ఉండేవి.

1960ల్లో పాకెట్ పుస్తకాలు వచ్చి ఈ పద్ధతిని మార్చేశాయి. మచిలీపట్నంలో మొదలైన ఎం.శేషాచలం అండ్ కంపెనీ ‘ఎమెస్కో’ పేరుతో చవకగా నవలలు వేసింది. అవి బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో దుకాణం ముందు వరుసగా నిలబడేవి. సికింద్రాబాద్ నుంచి ఘనపూర్ మీదుగా కాజీపేట వెళ్లే ప్రయాణికుడు బండి ఆగిన కాస్త సేపట్లోనే పుస్తకం ఎంచుకోవాలి. దూరం నుంచి కనబడాలి, రెండు మూడు రంగుల్లో పని అయిపోవాలి. నరసాపురంలో పుట్టిన చిత్రకారుడు బాపు గీత ఈ రెండు అవసరాలకూ సరిగ్గా సరిపోయింది: చిక్కటి నల్ల గీత, దాని మధ్య చదునైన రంగు. పుస్తకం పేరు కూడా ఆయనే చేత్తో రాసేవారు. అచ్చక్షరాల్లో వత్తులూ గుడులూ తినేసే చోటును చేతిరాతలో కావలసినట్టు సర్దుకోవచ్చు.

ఆ తర్వాతి తరంలో వరంగల్ ప్రాంతం నుంచి చిత్రకారుడు చంద్ర వచ్చారు. అసలు పేరు మైదం చంద్రశేఖర్. 2021లో కన్నుమూసే దాకా ఎందరో రచయితల పుస్తకాలకు అట్టలు వేశారు.

విడి నవలలకే కాదు, ఒకే కథ సాగే నవలల వరుసలకూ అట్టలు కావాలి. అలాంటి వరుసలకు ఆ రైలు దారిలోని ఘనపూర్ చుట్టుపక్కల కొదవ లేదు. పక్కనే పాలకుర్తి మండలంలోని వావిలాల నవలా రచయిత ‘అంపశయ్య’ నవీన్ ఊరు. ఆయన ‘కాలరేఖలు’, ‘చెదిరిన స్వప్నాలు’, ‘బాంధవ్యాలు’ ఒకే కథాక్రమం. మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ కూడా అంతే. ఇలాంటివాటిని ఒకే పెట్టెలో పెట్టి పెళ్లికో పుట్టినరోజుకో ఇచ్చేట్టు చేయాలంటే చిత్రకారుడి లెక్క మారుతుంది. దుకాణంలో విడి పుస్తకం ముఖం చూపిస్తుంది. పెట్టెలో పెట్టిన వరుస వెన్ను (స్పైన్) మాత్రమే చూపిస్తుంది. అక్కడ అక్షరం ఎత్తు పుస్తకం మందాన్ని మించకూడదు. వత్తులున్న ‘చిల్లర దేవుళ్లు’కు ఇది ఇబ్బందే.

విడివిడిగా నిలుస్తూనే కలిసి ఒకటిగా కనబడే బొమ్మలు ఈ నేలకు కొత్త కాదు. ఒకప్పటి వరంగల్ జిల్లాలో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసిన చేర్యాల జనగామకు దగ్గరే. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పూసి కులపురాణాలు చిత్రిస్తారు. మూడడుగుల వెడల్పున పదుల అడుగుల పొడవు సాగే ఆ పటాన్ని కూనపులివారు పద్మశాలీల ముందు విప్పుతూ మార్కండేయ పురాణం చెప్పేవారు. ప్రతి గడీ ఒక ఘట్టం. గడి గడికీ మధ్య పూల అంచు ఉంటుంది. నేపథ్యం మాత్రం పటమంతా ఒకటే ఎరుపు. నాయకుడి ముఖం, వేషం మారవు కాబట్టి ఎక్కడ విప్పినా అతన్ని గుర్తుపట్టవచ్చు.

పెట్టెలోని నవలలకు కావలసినదీ అదే: నేపథ్యం ఒకటి, ఆనవాలు ఒకటి, ఘట్టాలు వేరు. ‘చిల్లర దేవుళ్లు’ అట్ట మీద దొర కోటలాంటి గడీ గోడ ఉంటే, ‘మోదుగుపూలు’లో అదే గోడ వెనక ఎర్రబడిన అడవి రావచ్చు, ‘జనపదం’లో ఆ గోడ కూలవచ్చు. వేరే దేశపు క్లాసిక్ సెట్ల పూలూ తీగలూ తెచ్చి అతికించడం కంటే, చిత్రకారుడు ముందు మూడు నవలలూ వరసగా చదివి ఆ గోడ ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడం మేలు.