బ్రోకరు ఖాతాలో పొరపాటు దొర్లినపుడు మదుపుదారు చేయవలసినదేమి?

షేర్ల క్రయవిక్రయాలు కాగితాల నుండి కంప్యూటర్లకు మారిన తరువాత లావాదేవీల వేగం ఎంతో పెరిగింది. 2023 జనవరి 27 నుండి దేశంలోని ఎక్స్ఛేంజీలలో షేర్ల లావాదేవీలు సాధారణంగా కొన్న మరుసటి పనిదినానికే పరిష్కారమవుతున్నాయి. వేగంతోపాటు పొరపాటు నిలిచిపోవడానికి పట్టే కాలమూ తగ్గింది. నేడు గుర్తించని తప్పు రేపటికి ఖాతాలో స్థిరపడుతుంది. కనుక ఖాతాలో తేడా కనిపించినపుడు ఏయే పత్రాలు చూడాలి, ఎవరికి రాయాలి, ఎంత గడువులోగా పై మెట్టుకు వెళ్లాలి అన్న విషయాలు ప్రతి మదుపుదారుకూ తెలిసి ఉండాలి.

పొరపాట్లు ఎన్ని రకాలు?

సాధారణంగా ఎదురయ్యే పొరపాట్లను ఐదు తరగతులుగా విభజించవచ్చు. మొదటిది, చెప్పని లావాదేవీ జరగడం లేదా చెప్పినదానికి భిన్నంగా జరగడం: యాభై షేర్లకు బదులు ఐదువందలు కొనడం, అమ్మమంటే కొనడం, ఒకరి ఆర్డరు మరొకరి ఖాతాలో పడడం వంటివి. రెండవది నగదు లెక్కలో తేడా: పంపిన సొమ్ము జమ కాకపోవడం, ఒకే రుసుమును రెండుసార్లు వసూలు చేయడం. మూడవది షేర్ల లెక్కలో తేడా: సొమ్ము చెల్లించినా షేర్లు డీమ్యాట్ ఖాతాకు రాకపోవడం, బోనస్ షేర్లు కనిపించకపోవడం. నాలుగవది వివరాలలో తప్పు: పేరు, బ్యాంకు ఖాతా, మొబైల్ నంబరు, నామినీ వంటివి. ఐదవది, తనది కాని సొమ్ముగాని షేర్లుగాని ఖాతాలోకి వచ్చిపడడం.

మొదట చూడవలసిన పత్రాలు

బ్రోకరు యాప్‌లో కనిపించే అంకెలు బ్రోకరు సొంత పుస్తకాలలోనివి. వాటిలోని తప్పును వాటితోనే నిరూపించడం కష్టం. కనుక బ్రోకరు చేతిలో లేని సాక్ష్యంతో పోల్చి చూడాలి. అటువంటి సాక్ష్యాలు మూడు ఉన్నాయి.

ఒకటి, డిపాజిటరీ లెక్క. షేర్లు నిజానికి ఉండేది ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ అనే డిపాజిటరీలలో. డీమ్యాట్ ఖాతా సంఖ్యలో పదహారు అక్షరాంకాలు ఉంటాయి. అది ‘ఐఎన్’ అనే ఇంగ్లీషు అక్షరాలతో ప్రారంభమైతే ఎన్‌ఎస్‌డీఎల్, పూర్తిగా అంకెలే అయితే సీడీఎస్‌ఎల్. ఎన్‌ఎస్‌డీఎల్ వారి ‘ఐడియాస్’, సీడీఎస్‌ఎల్ వారి ‘ఈజీ’ సేవలలో నమోదు చేసుకుంటే బ్రోకరు ప్రమేయం లేకుండానే ఖాతాలోని షేర్లను చూడవచ్చు. లావాదేవీలు జరిగిన నెలకు డిపాజిటరీ నుండి ఏకీకృత ఖాతా నివేదిక కూడా వస్తుంది.

రెండు, లావాదేవీ జరిగిన రోజున ఎక్స్ఛేంజీ నేరుగా పంపే ఎస్ఎంఎస్, ఈమెయిల్ సందేశాలు. మూడు, సొమ్ము విషయంలో బ్యాంకు పాసు పుస్తకం లేదా స్టేట్‌మెంటు.

వీటి పక్కన కాంట్రాక్టు నోటును ఉంచి చూడాలి. లావాదేవీ జరిగిన ఇరవై నాలుగు గంటలలోగా బ్రోకరు దానిని పంపవలసి ఉంటుంది. ఆర్డరు సంఖ్య, సమయం, షేర్ల సంఖ్య, ధర, దలాలీ, పన్నులు అన్నీ అందులో ఉంటాయి. వివాదం వచ్చినపుడు మొదట అడిగే కాగితం ఇదే.

అదే రోజున రాయడం ఎందుకు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక మదుపుదారు 240 రూపాయల ధరకు 50 షేర్లు కొనమని ఫోనులో చెప్పాడు. బ్రోకరు కార్యాలయంలో పొరపాటున 500 షేర్లు కొన్నారు. అదనంగా కొన్న 450 షేర్ల విలువ 1,08,000 రూపాయలు. మరునాడు ధర 228కి పడిపోయింది. అదనపు షేర్లపై నష్టం షేరుకు 12 రూపాయల చొప్పున 5,400 రూపాయలు.

కొన్న రోజు సాయంత్రమే మదుపుదారు అభ్యంతరం రాసి ఉంటే ఈ నష్టం ఎవరు భరించాలన్నది స్పష్టంగా ఉంటుంది. ధర పెరుగుతుందేమో చూద్దామని రెండు రోజులు ఊరుకుని, పడిపోయిన తరువాత రాస్తే బ్రోకరు వాదన మరోలా ఉంటుంది: ‘లాభం వస్తే ఉంచుకునేవారు, నష్టం వచ్చింది కనుక కాదంటున్నారు’. ఈ వాదనకు జవాబు చెప్పడం తేలిక కాదు. లాభం వచ్చినా నష్టం వచ్చినా పొరపాటు పొరపాటే అని చూపగలిగేది ధర కదలక ముందు రాసిన ఉత్తరం ఒక్కటే. ఆ లావాదేవీని కాదన్నవారు దానిపై వచ్చిన లాభాన్ని కూడా కోరలేరన్నది గుర్తుంచుకోవాలి.

ఫోనులో ఇచ్చిన ఆర్డర్ల విషయంలో సెబీ నిబంధన మదుపుదారుకు అండగా ఉంది. ఆర్డరు ఇచ్చినట్లు ఆధారం ఉంచుకున్న తరువాతనే లావాదేవీ జరపాలనీ, వివాదం వస్తే ఆ ఆధారం చూపవలసిన భారం బ్రోకరుదేననీ 2018లో సెబీ ఆదేశించింది. సంతకం చేసిన కాగితం, ఫోను రికార్డింగు, ఈమెయిల్, ఎస్ఎంఎస్, ఇంటర్నెట్ లాగ్ వంటివి ఆధారాలుగా చెల్లుతాయి. కనుక అభ్యంతర పత్రంలో ‘ఈ ఆర్డరు నేను ఇచ్చినట్లు మీ వద్దనున్న ఆధారం పంపండి’ అన్న వాక్యం తప్పక ఉండాలి.

అభ్యంతర పత్రం ఎలా ఉండాలి?

ఫోనులో మాట్లాడినా, ఆ మాటలను వెంటనే ఈమెయిల్‌గా పంపాలి. అందులో క్లయింటు కోడ్, డీమ్యాట్ ఖాతా సంఖ్య, కాంట్రాక్టు నోటు సంఖ్య, లావాదేవీ తేదీ, సమయం రాయాలి. జరగవలసినదేమి, జరిగినదేమి అన్నవి రెండు వాక్యాలలో చెప్పాలి. తరువాత కోరికను అంకెలతో సహా తెలపాలి: అదనపు లావాదేవీని ఖాతా నుండి తొలగించడం, దానిపై వేసిన దలాలీని, పన్నులను తిరిగి జమ చేయడం, జరిగిన నష్టాన్ని ఇంత అని చెల్లించడం. కోపోద్రేకపు మాటల వలన ప్రయోజనం లేదు. పత్రాల నకళ్లు జతచేసి ఫిర్యాదు సంఖ్య తీసుకోవాలి. తెర మీద కనిపించినదానిని తేదీ, సమయం పడేటట్లు ఫొటోగా భద్రపరచుకోవాలి.

ఒకరి ఆర్డరు మరొకరి ఖాతాలో పడినపుడు దానిని సరిదిద్దే మార్గం బ్రోకరుకు ఉంది. నిజమైన పొరపాటు అయితే ఎక్స్ఛేంజీ నిబంధనల ప్రకారం ఆ లావాదేవీని బ్రోకరు తన ‘ఎర్రర్ అకౌంటు’లోకి మార్చుకోవచ్చు. ‘ఒకసారి పడితే మార్చడం అసాధ్యం’ అన్న సమాధానాన్ని మదుపుదారు వెంటనే నమ్మనక్కరలేదు. అయితే ఈ సవరణకు అవకాశం చాలా కొద్ది సమయమే ఉంటుంది.

తనది కానిది ఖాతాలోకి వస్తే

పొరపాటున వచ్చిన సొమ్మును వాడుకోవడం, షేర్లను అమ్ముకోవడం ప్రమాదకరం. పొరపాటున సొమ్ముగాని వస్తువుగాని పొందినవారు దానిని తిరిగి ఇవ్వాలని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 72వ సెక్షను చెబుతున్నది. బ్రోకరు గుర్తించకముందే తెలియజేయడం ధర్మమే కాక క్షేమం కూడా.

ఊరిలోని ఏజెంటు, పేరులోని తేడా

బళ్లారి, హోసూరు, బరంపురం, సిరొంచ, యానాం వంటి చోట్ల చాలామంది మదుపుదారులు బ్రోకరు ప్రధాన కార్యాలయంతో కాక ఊరిలోని ‘ఆథరైజ్డ్ పర్సన్’ ద్వారా వ్యవహరిస్తారు. ఆయన చేసిన పనులకు, చేయకుండా వదిలిన పనులకు బ్రోకరే బాధ్యుడు. కనుక ‘అది మా ఏజెంటు తప్పు’ అన్న జవాబు చెల్లదు. అయితే మదుపుదారు తన వైపు నుండి రెండు జాగ్రత్తలు పాటించాలి. సొమ్మును బ్రోకరు సంస్థ బ్యాంకు ఖాతాకే పంపాలి తప్ప ఏజెంటు సొంత ఖాతాకు పంపరాదు. ఫిర్యాదు ఏజెంటుకు నోటితో చెప్పి ఊరుకోక, ప్రధాన కార్యాలయానికి రాతపూర్వకంగా పంపాలి. తెలిసినవాడు కదా అని పాస్‌వర్డు, ఓటీపీ ఇవ్వడం వలన తరువాత ‘ఆర్డరు మీరే పెట్టారు’ అన్న వాదనకు బలం చేకూరుతుంది.

పేర్ల విషయంలో తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. ఇంటిపేరు ముందు రాయడం మన ఆచారం. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరం చేరుతుంది. కొన్ని పత్రాలలో ఇంటిపేరు పూర్తిగానూ, కొన్నిటిలో పొడి అక్షరంగానూ ఉంటుంది. పాన్ కార్డు, బ్యాంకు, డీమ్యాట్ ఖాతాలలో పేరు ఒకే విధంగా లేనపుడు చెల్లింపులు ఆగిపోవచ్చు, వారసులకు షేర్ల బదిలీ కష్టం కావచ్చు. ఇటువంటి తేడాను పాన్ కార్డులోని పేరు ప్రకారం ముందుగానే సరిచేయించుకోవడం మేలు.

బ్రోకరు వినకపోతే

ఫిర్యాదుకు సంతృప్తికరమైన జవాబు రాకపోతే సెబీ వారి ‘స్కోర్స్’ వేదికలో నమోదు చేయవచ్చు. 2011లో ప్రారంభమైన ఈ వేదిక కొత్త రూపం 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం సంస్థ 21 రోజులలోగా చర్య తీసుకుని నివేదిక ఇవ్వాలి. అది నచ్చకపోతే మదుపుదారు 15 రోజులలోగా మొదటి పునఃపరిశీలన కోరవచ్చు. అదీ నచ్చకపోతే మరో 15 రోజులలోగా రెండవ పునఃపరిశీలన కోరవచ్చు, దానిని సెబీయే చూస్తుంది. సంఘటన జరిగిన ఏడాదిలోగా స్కోర్స్‌లో ఫిర్యాదు చేయాలన్నది మరువరాదు. కోర్టులో నడుస్తున్న వ్యవహారాన్ని అక్కడ స్వీకరించరు.

దానితోనూ తెగకపోతే 2023లో ఏర్పడిన ‘స్మార్ట్ ఓడీఆర్’ వేదిక ఉంది. అక్కడ మొదట రాజీ ప్రయత్నం జరుగుతుంది. దీనికి మదుపుదారు రుసుము చెల్లించనక్కరలేదు. రాజీ కుదరకపోతే మధ్యవర్తి తీర్పు కోరవచ్చు. దానికి వివాదపు విలువను బట్టి రుసుము ఉంటుంది. విచారణ ఆన్‌లైన్‌లో జరుగుతుంది కనుక ఏ రాష్ట్రంలో ఉన్నవారైనా నగరానికి ప్రయాణించకుండా పాల్గొనవచ్చు. సెబీ నిబంధనలు దేశమంతటికీ ఒక్కటే. ఖాతా హైదరాబాదు బ్రోకరు వద్ద ఉండి మదుపుదారు రాయగడలో ఉన్నా హక్కులలో తేడా లేదు. సందేహాలకు సెబీ ఉచిత ఫోను నంబరు 1800 22 7575.

పొరపాటా, మోసమా?

ప్రతి తేడా మోసం కాదు. కాని ప్రతి తేడానూ పొరపాటుగా భావించి ఊరుకోవడం కూడా సరికాదు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ సంస్థ ఖాతాదారుల షేర్లను తన అప్పులకు తాకట్టు పెట్టిందని 2019 నవంబరు 22న సెబీ మధ్యంతర ఉత్తర్వు వెలువరించింది. 2020 నవంబరులో ఎన్‌ఎస్‌ఈ ఆ సంస్థను డిఫాల్టరుగా ప్రకటించింది. 2023 ఏప్రిల్‌లో సెబీ దానిని ఏడేళ్లపాటు మార్కెటుకు దూరం చేసింది. ఖాతాదారులు గతంలో ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఈ వ్యవహారంలో దుర్వినియోగమైంది. ఆ తరువాత నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. 2020 సెప్టెంబరు 1 నుండి మార్జిను కోసం ఇచ్చే షేర్లు మదుపుదారు డీమ్యాట్ ఖాతాలోనే ఉండి తాకట్టు గుర్తును మాత్రమే పొందుతున్నాయి.

డిపాజిటరీ లెక్కలో షేర్లు లేకపోయినా బ్రోకరు నివేదికలో ఉన్నట్లు చూపడం, కోరిన సొమ్మును పదేపదే సాంకేతిక కారణాలతో వాయిదా వేయడం, కాంట్రాక్టు నోట్లు పంపకపోవడం, సందేశాలు వెళ్లే మొబైల్ నంబరు మనకు తెలియకుండా మారడం, ఇవి సామాన్యమైన పొరపాట్లు కావు. ఇటువంటి లక్షణాలు కనిపిస్తే కొత్త సొమ్ము పంపడం నిలిపి, బ్రోకరు జవాబు కోసం రోజుల తరబడి వేచి ఉండక, ఎక్స్ఛేంజీకీ డిపాజిటరీకీ వెంటనే తెలియజేయాలి.

వారానికి ఒకసారి అరగంట కేటాయించి డిపాజిటరీ లెక్కను, కాంట్రాక్టు నోట్లను, బ్యాంకు స్టేట్‌మెంటును పోల్చి చూసుకునేవారికి పొరపాటు చిన్నదిగా ఉన్నపుడే కనిపిస్తుంది. ఆలస్యంగా చూసినవారికి అదే పొరపాటు వివాదంగా ఎదురవుతుంది.