టర్బైన్ నూనె మార్పు: నిర్ణయానికి ఆధారాలు మారిన క్రమం

చార్లెస్ పార్సన్స్ 1884లో తన తొలి ఆవిరి టర్బైన్‌ను నిర్మించాడు. బేరింగుల్లో తిరిగే నూనెను ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న టర్బైన్‌తోపాటే పుట్టింది. తొందరపడితే వేల లీటర్ల మంచి నూనె వృథా; ఆలస్యం చేస్తే బేరింగులకే ముప్పు.

తొలినాటి నూనెల్లో సంకలితాలు ఉండేవి కావు. వేడి, గాలి, నీరు, లోహం కలిసి వాటిని ఆక్సీకరణం చెందించేవి. ఆమ్లత్వం క్రమంగా పెరిగి మడ్డి పేరుకునేది. కాబట్టి ఆమ్ల సంఖ్యను కొలిస్తే నూనె స్థితి చాలావరకు తెలిసేది. 1940లలో ఆక్సీకరణను, తుప్పును అడ్డుకునే సంకలితాలు వాడుకలోకి వచ్చాయి, నూనె ఆయుష్షు ఎంతో పెరిగింది. అయితే ఇక్కడొక చిక్కును మీరు గమనించాలి. నిరోధకం ఉన్నంతకాలం ఆమ్ల సంఖ్య దాదాపు కదలదు, అది అయిపోయాక వేగంగా పెరుగుతుంది. పాత కొలత హెచ్చరించేసరికి వ్యవధి మిగలదన్నమాట.

అందుకే నూనెలో మిగిలిన నిరోధక శక్తిని కొలిచే పరీక్ష అవసరమైంది. నూనె, నీరు, రాగి తీగ చుట్టను పాత్రలో ఉంచి, ఆక్సిజన్ నింపి, 150 డిగ్రీల సెల్సియస్ వద్ద తిప్పుతూ, పీడనం నిర్ణీత మేరకు పడిపోవడానికి పట్టే నిమిషాలను లెక్కిస్తారు. ఆ సమయం కొత్త నూనె విలువలో 25 శాతం కంటే తగ్గి, ఆమ్ల సంఖ్య కూడా పెరుగుతుంటే మార్పుకు సిద్ధం కావాలన్నది అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం మార్గదర్శకం.

ఈ అంకెలు కూడా చాలవని గ్యాస్ టర్బైన్లు చూపాయి. బాగా శుద్ధిచేసిన కొత్త తరం మూల నూనెలు తమలో పుట్టిన మలినాలను అంతగా కరిగించుకోలేవు. పరీక్షలో నెగ్గిన నూనె సైతం కవాటాలపై వార్నిష్ పూత పేర్చి యంత్రాన్ని ఆపేయగలదు. దాన్ని ముందే పట్టుకోవడానికి, నూనెను పలుచని పొర గుండా వడగట్టి మరక రంగును కొలిచే పద్ధతి 2010 దశకంలో ప్రమాణమైంది.